కోట లోపల ఎవరు

అద్దాలమ్మకు కోపం వచ్చిన సంగతి అందరికన్నా ముందు సానరాయికి తెలుస్తుంది. మామూలు రోజుల్లో ఆమె కళ్లద్దాన్ని రాతికి ఆనించీ ఆనించనట్టు పట్టుకుని, నీటిధార కింద నెమ్మదిగా తిప్పుతుంది. ఆ మంగళవారం పొద్దున మాత్రం అదిమి పట్టింది. కీచుమంది. అంచు పెచ్చు లేచింది. ఇరవై రెండేళ్లలో ఆమె పాడుచేసిన అద్దాల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"ఏంటమ్మా, పొద్దున్నే ఎవరి మీద?" అన్నాడు పక్క బల్ల దగ్గర ఫ్రేములు బిగించే పెద్దాయన, తలెత్తకుండానే.

"ఎవరి మీదా కాదు. అద్దంలో బుడగ ఉంది."

బుడగా లేదు, గాడిద గుడ్డూ లేదు. జేబులో ఫోను ఉంది. ఫోనులో పెద్దవీధి ఆటల దుకాణం వాళ్లు పంపిన రెండు ముక్కలు ఉన్నాయి. మీరు పంపిన ముట్టడి ఆట ఈసారి ఎంపిక కాలేదు, అభిమానానికి కృతజ్ఞతలు అని.

ఆమెది నలభై ఏడేళ్ల వయసు. ఈ వయసులో కంప్యూటరులో కోటలు ముట్టడించడమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్లు వేసుకోనీండి, ఆమెకు లెక్కలేదు. పదకొండేళ్లుగా అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకటే ఆట ఆడుతున్నారు. ఏనుగులు, విల్లంబులు, రాతి కోటలు. రోజుకు ఒకరికి ఒక్క ఎత్తు. పని నుంచి ఇంటికొచ్చి ఆమె తన ఎత్తు వేసి ఫైలు పంపుతుంది. తెల్లారేసరికి అన్నయ్య ఎత్తు వచ్చి ఉంటుంది. ఫైలుతో పాటు ఒక వాక్యం రాయాలని వాళ్లు పెట్టుకున్న నియమం. అది ఎదుటివాళ్లను ఉడికించేదై ఉండాలి. అలా ఉడికించడానికి చేతికి ఏదీ దొరకనప్పుడు అద్దాలమ్మ వదినను అందుకునేది. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా.

ఇప్పుడు ఆ ఆట చేసిన కంపెనీయే కొత్త ఆట తెస్తోంది. తుపాకిమందు కాలం ఆట. నాలుగేళ్లుగా ఊరిస్తున్నారు. అందులో ఫిరంగులుంటాయట. వాన పడితే మందు తడిసి తుపాకులు పేలవట. ఫిరంగిని కొండెక్కించాలంటే ఎద్దులు కావాలట, ఎద్దులకు మేత కావాలట. వచ్చిన ప్రతి బొమ్మనూ, ప్రతి ముక్కనూ అద్దాలమ్మ దాచుకుంది. ఆట మార్కెట్లోకి వచ్చేది నెలాఖరుకే అయినా పెద్దవీధి దుకాణానికి కొన్ని ముందే వస్తున్నాయి. శనివారం అయిదు జతల్ని పిలిచి ఆడిస్తామన్నారు. పాత ఆటలో మీరు ఆడినవాటిలో గొప్ప ముట్టడి ఏదో పంపండి, నచ్చితే మిమ్మల్నీ మీ ప్రత్యర్థినీ పిలుస్తామన్నారు. ఆరు నెలలుగా అన్నయ్య కోటను చుట్టుముట్టి కూర్చుంది కదా, అద్దాలమ్మ ఆ ఆటనే పంపింది. వాళ్లకు నచ్చలేదు.

మధ్యాహ్నం అన్నయ్య ఫోను చేశాడు. ఆయన లిఫ్టుల మెకానిక్కు. ఏ భవనంలో ఉన్నాడో, వెనక ఇనుప తాళ్లు గరగరలాడుతున్నాయి.

"ఒసేయ్, వచ్చిందే. శనివారం పిలుపు మనకు వచ్చింది. ముట్టడికి తట్టుకున్న తీరు అద్భుతం అని రాశారు."

"నీ కోటా?"

"మా కోటే మరి. ఆర్నెల్లు నువ్వు గింజుకున్నా మేం తలుపు తీశామా?"

"మేమెవరు?"

"అదే, నేను. నాతో ఆడింది నువ్వే కాబట్టి నువ్వూ రావాలి. మా ఆఫీసు వాళ్లు ఇద్దరు చూడ్డానికి వస్తామంటున్నారు. మంచి చీర కట్టుకో."

ఫోను పెట్టేశాక ఆమె చాలాసేపు నీటిధార కట్టకుండా కూర్చుంది. ఒకే ముట్టడి. బయట నుంచి ఆమె ఆడింది పనికిరాలేదు, లోపల నుంచి ఆయన ఆడింది అద్భుతం. కడుపు మండింది. కానీ పోయిందేముంది? ఎవరి తరఫునైతేనేం, శనివారం ఆ కుర్చీలో కూర్చోబోతోంది, ఫిరంగి పేల్చబోతోంది. సాయంత్రానికి కోపం చల్లారి, మిగతా అద్దాలన్నీ బుద్ధిగా అరిగాయి.

గురువారం పెద్దాసుపత్రికి అద్దాలు పంపాల్సి వచ్చింది. కంటి ఆపరేషన్ అయిన పన్నెండు మందికి పన్నెండు జతలు. మోసుకెళ్లేవాడు రాలేదు కాబట్టి అద్దాలమ్మే ట్రే పట్టుకుని బస్సెక్కింది. వార్డులో అప్పజెప్పి సంతకం తీసుకున్నాక చేతిసంచిలో ఇంకొక జత మిగిలింది. అన్నయ్య చదువుకునే అద్దాలు, మర ఊడితే బిగించినవి. వదిన ఆ ఆసుపత్రి వంటశాలకే సరుకుల గది చూస్తుంది. గుమ్మం దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి జారుకుందామనుకుంది గానీ, ఆ కుర్చీలో ఎవరూ లేరు. అత్తకోడళ్ల తగవైనా అరుచుకుంటే తీరుతుంది. ఈ వదిన అరవదు. ఏమన్నా ఊఁ అంటుంది, తన పనిలో తాను ఉంటుంది. అదే అద్దాలమ్మకు పడదు.

సరుకుల గది పొడుగ్గా, చల్లగా ఉంది. బస్తాలన్నీ గోడ వారగా పేర్చి ఉన్నాయి. ఒక్కో బస్తా మీద సుద్దతో తేదీ. కొత్తగా దిగిన బస్తాల్ని ఇద్దరు ఆడవాళ్లు వెనక వరసకు ఈడుస్తుంటే, పాతవి ముందుకు వస్తున్నాయి. వదిన గుమ్మానికి వీపు పెట్టి నిలబడి ఫోనులో మాట్లాడుతోంది. ఎడమ చేత్తో ఒక బస్తా మూతి పట్టుకుని, కుట్టు సరిగ్గా ఉందో లేదో వేలితో తడుముతోంది.

"వానలు మొదలైతే ఆ వంతెన అవతలి లారీ రాదండీ. కాబట్టి దూరంవాళ్ల దగ్గర ముందు తెప్పించేయండి. దగ్గరిది ఎక్కడికి పోతుంది? చివర్లో అదే కాపాడుతుంది. రోగుల తిండి ముందు, మన తిండి తరవాత. అంతే."

అద్దాలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

ముట్టడి మొదలైన కొత్తలో ఆమె గుర్రపు దండు దూరపు ఊళ్ల మీద పడేసరికి అక్కడ గింజ కూడా లేదు. అంతా అప్పటికే కోటలోకి చేరిపోయింది. నది అవతలి దగ్గర ఊళ్లలో మాత్రం కొట్లు నిండుగా వదిలేశారు. ఇదేం తెలివితక్కువ పని అని ఆమె నవ్వుకుంది. ఆ రోజు వచ్చిన వాక్యం ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "దగ్గరిది ఎక్కడికి పోతుంది? చివర్లో అదే కాపాడుతుంది." అన్నట్టే, రాత్రిపూట పడవల్లో నది వైపు తలుపు గుండా వచ్చే ఆ దగ్గర కొట్ల ధాన్యమే ఆర్నెల్లుగా కోటను బతికిస్తోంది. ముట్టడికి ముందే రోగుల్నీ ముసలివాళ్లనూ పడవల్లో దాటించడం కూడా అప్పుడే జరిగింది. అన్నయ్యకు ఇంత జాలి ఎప్పటి నుంచి అని కూడా అనుకుంది. పాత రోజుల్లో ఆయన ఆట అలా ఉండేది కాదు. గుట్ట కనిపిస్తే చాలు, దండునంతా దాని మీదికి తోలేవాడు.

వదిన ఫోను పెట్టి వెనక్కి తిరిగింది.

"ఏం మరదలా, ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే. అన్నయ్య అద్దాలు." సంచిలోంచి తీసి ఇచ్చింది.

"ఊఁ. టీ తాగుతావా?"

"వద్దొదినా, బస్సుకు టైమైంది."

బస్సుకు ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటా అద్దాలమ్మ స్టాపులో నిలబడి ఫోనులో పాత వాక్యాలు తిరగేసింది. ఆడే చేయి ఎక్కడ మారిందో వెతికితే దొరికింది. రెండేళ్ల కింద, అన్నయ్యను మేస్త్రిని చేసి సాయంత్రం డ్యూటీలు వేసిన నెల. ఓ వారం పాటు "అందింది" అని తప్ప ఏమీ లేదు. తరవాత ఒకటీ అరా మాటలు. తరవాత పొడి వేళాకోళం, కత్తి మొన లాంటి ఎత్తులు. ఆమె పదకొండేళ్ల ఆటలో ఈ రెండేళ్లే బాగా ఆడింది. పొద్దున్నే లేచి ఫైలు తెరవడానికి చేతులు తొందరపడింది ఈ రెండేళ్లే.

తరవాత తను రాసినవి చదివింది. చదువుతూ చదువుతూ స్టాపులో బల్ల మీద కూర్చుంది. "మా వదినమ్మ ఇవాళైనా నవ్విందా, లేక నవ్వుకు కూడా సుద్దతో తేదీ వేసి దాచిందా?" "ఆవిడకు చెప్పకు, ఫిరంగంటే కొత్తరకం కుక్కరనుకుంటుంది." ఇలాంటివి ఒకటా, రెండా. అమ్మ పోయి ఏడాదైన రోజు రాసింది కూడా ఉంది. "అందరం గుండెలు బాదుకుంటుంటే ఆవిడ కంట ఒక్క చుక్క రాలేదు, నీకు గుర్తుందా అన్నయ్యా?" దాని కింద అటునుంచి ఒకే మాట. "అవును."

ఆ 'అవును' చూసి ఆ రోజు ఆమె గుండె కుదుటపడింది. అన్నయ్య నా పక్కనే ఉన్నాడనుకుంది.

ఆ సాయంత్రం ఎత్తు వేయడానికి కూర్చుంటే చేయి సాగలేదు. నది తలుపు దారిలో కాపు వేసిన గుర్రపు దండు ఆ రాత్రితో ధాన్యం పడవల్ని పట్టేసుకోవాలి. వారం నుంచి పన్నుకున్న వల అది. ఆమె దండును వెనక్కి తీసింది. వాక్యం గడిలో ఏమీ రాయకుండా పంపేసింది. పొద్దున ఫైలు వచ్చింది. "ఏం, ఇవాళ తిట్టు లేదే? ఒంట్లో బాగోలేదా?" అద్దాలమ్మ "జలుబు" అని కొట్టి, ఫోను బోర్లా పెట్టేసింది.

శుక్రవారం ఆమె పని దిగే వేళకు అన్నయ్య డ్యూటీ మధ్యలోంచి నేరుగా వర్క్‌షాపుకే వచ్చాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. పెద్దాయన్ను పలకరించాడు, అరగదీసిన అద్దం ఎత్తి వెలుతురులో చూశాడు, దించాడు. చెప్పాల్సిందేదో నోటిదాకా వచ్చినా నీళ్లు నములుతున్నాడు.

"రేపు కాస్త మెల్లగా ఆడవే. ఆఫీసు వాళ్లుంటారు. ఈ మధ్య నాకు కొంచెం చేయి తిరగడం లేదు."

"ఆర్నెల్లు కోట కాచినవాడివి, నీకు చేయి తిరగకపోవడమేంటి?"

"అది వేరు, ఇది వేరు. ఫిరంగులు కదా, కొత్త."

"వదిన వస్తోందా?"

"వస్తుంది. సంచీ పట్టుకోడానికో దేనికో, ఎవరో ఒకరుండాలిగా."

సొమ్మొకడిది, సోకొకడిది. అద్దాలమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. సంచీ పట్టుకోవాల్సింది నువ్వురా అన్నయ్యా అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా చెప్పుకుంటుంది. అలాంటి మనిషి ఆ సాయంత్రం పెదవి విప్పలేదు. విప్పితే వదిన పేరు బయటికొస్తుంది. ఆ కుర్చీ వదినది అవుతుంది, ఎదురు కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టుకోవాలో వదిన ఇష్టం అవుతుంది. రెండేళ్లు తిట్లు తిన్నది తననెందుకు కూర్చోబెట్టుకుంటుంది? ఆపైన ఆ వాక్యాలన్నీ మొహం మీదికొస్తాయి. నాలుగేళ్ల ఎదురుచూపు ఒకవైపు, ఆ సిగ్గు ఒకవైపు. రెండూ నోరు మూసుకోమనే చెప్పాయి.

"సరేలే, మెల్లగానే ఆడతాను," అంది.

తనది తప్పని ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

శనివారం పదిన్నరకు దుకాణం ముందు పాతికమంది పోగయ్యారు. లోపల అయిదు బల్లలు, బల్లకు రెండు తెరలు ఎదురెదురుగా. తెరల మీద బురద దారిలో ఎద్దులు ఫిరంగిని లాగుతున్న బొమ్మ. నాలుగేళ్లుగా చిన్న ఫోనులో చూసిన బొమ్మ అంత పెద్దగా కనబడేసరికి అద్దాలమ్మకు ఒక్క క్షణం అన్నీ మర్చిపోవాలనిపించింది. అన్నయ్య ఇస్త్రీ చొక్కాలో, ఆఫీసు వాళ్లిద్దరి మధ్య నిలబడి, ఫిరంగిని ఎప్పుడు ఏ మూల నుంచి పేల్చాలో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. వదిన ఓ అడుగు వెనక, నీళ్ల సీసా ఉన్న సంచితో. అద్దాలమ్మ తేలు కుట్టిన దొంగలా ఎటూ చూడకుండా నిలబడింది.

దుకాణం కుర్రది కాగితం పట్టుకుని జతల్ని పిలవడం మొదలుపెట్టింది. పేరు పిలవగానే చేయెత్తాలి, గుర్తింపు కార్డు చూపించాలి. మూడో బల్లకు అన్నయ్య వెళ్లి నిలబడ్డాడు, కార్డు ఇచ్చాడు. ఆ అమ్మాయి కాగితం చూసింది, కార్డు చూసింది, మళ్లీ కాగితం చూసింది.

"సర్, మీ పేరు లేదండీ."

"సరిగ్గా చూడమ్మా. నదీ మలుపు కోట. ఆర్నెల్ల ముట్టడి."

"ఆ కోట ఉంది సర్. ఆడినవాళ్ల పేరే వేరే ఉంది. ఇంటిపేరు మీదే." ఆమె కాగితం పైకెత్తి పెద్దగా చదివింది. చదివింది వదిన పేరు.

వదిన సంచి అన్నయ్య చేతికిచ్చి, జాకెట్టు అంచున దోపుకున్న కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ముందే తీసి పెట్టుకుని వచ్చింది.

అన్నయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆఫీసు వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆయన సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చి, "చెప్పలేదూ, మా ఇంటి కోట అని," అన్నాడు. "మా ఆవిడే." పాపం, రెండో మాట అనేసరికి గొంతులో నిజంగానే కాస్త గర్వం వచ్చింది.

"ప్రత్యర్థి?" అంది అమ్మాయి. అద్దాలమ్మ అప్పటికే గుమ్మం వైపు రెండడుగులు వేసింది. వెనక నుంచి తన పేరు, ఇంటిపేరుతో సహా, వినబడింది. పంపేటప్పుడే ప్రత్యర్థి పేరు రాయాలన్నారు, వదిన రాసింది. నెల కిందటే రాసింది.

ఎదురెదురుగా కూర్చున్నారు. చెవులకు పెట్టుకునేవి ఇచ్చారు, ఇద్దరూ పెట్టుకోలేదు.

"అన్నయ్యకు చెప్పలేదేం వదినా?"

"పిలుపు ఇంట్లో ఇద్దరం చూసే మెయిలుకు వచ్చింది, అందులో పేరు లేదు. మంగళవారం నుంచి చిన్నపిల్లాడిలా సంబరపడుతున్నారు. నాలుగు రోజులు పడితే పడ్డారు అనుకున్నాను." వదిన తెర మీద బొమ్మల్ని ఒక్కొక్కటే నొక్కి చూస్తోంది. ధాన్యం ఎక్కడ, మేత ఎక్కడ, మందు నిలవ ఎక్కడ.

అద్దాలమ్మ చెవులకిచ్చినవి పక్కకు జరిపింది. "నాకు గురువారమే తెలిసింది. నీ గదిలో, నువ్వు ఫోనులో మాట్లాడుతుంటే. తెలిసి కూడా ఊరుకున్నాను."

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"గురువారం రాత్రి నా పడవలు నీ నోట్లో ఉన్నాయి. నువ్వు దండును వెనక్కి తీశావు. పదకొండేళ్లలో ఎప్పుడైనా మీ అన్నయ్య పడవల్ని వదిలావా?" వదిన తలెత్తలేదు. "పైగా తిట్టు కూడా లేదు. అప్పుడే అనుకున్నాను, దీనికి తెలిసిపోయిందీ అని. నిన్న చెబుతావేమో అని చూశాను."

అద్దాలమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అవన్నీ చదివావా? ఈ రెండేళ్లూ నేను రాసినవి?"

"చదవక? నాకు వచ్చినవి నేను చదవనా? మొదట్లో ఒళ్లు మండేది. కుక్కరన్న రోజు నీ పొలాలు మూడు తగలబెట్టాను, గుర్తుందా? అలా ఎప్పటిది అప్పుడే తీర్చేసుకున్నాను. ఒక్కటి మాత్రం ఆటలో తీరలేదు."

అమ్మ గురించి రాసిందేనని అద్దాలమ్మకు తెలుసు.

"ఆ రోజు ఇంటినిండా జనం," అంది వదిన, గొంతు పెంచకుండా, సరుకులు చెప్పినట్టే. "నేనూ ఓ మూల కూర్చుని ఏడిస్తే ఆ వచ్చినవాళ్లకు మంచినీళ్లెవరిస్తారు? అందరూ వెళ్లాక ఏడుద్దామనుకున్నాను. వెళ్లాక నువ్వు పడిపోయావు, నిన్ను చూడాల్సొచ్చింది. తరవాతిక కుదరనేలేదు. నువ్వది రాసిన రోజు ఏడ్చాను. ఏడ్చి, మీ అన్నయ్య ఏం రాస్తారా అని ఆలోచించి, 'అవును' అని రాశాను."

పక్క బల్లల మీద ఆట మొదలైపోయింది. ఎక్కడో ఫిరంగి పేలింది, చూసేవాళ్లు ఓహో అన్నారు. అద్దాలమ్మ తన ఎదుట ఉన్న బురద దారిని, ఎద్దుల్ని చూస్తూ ఉండిపోయింది. అవి అలుక్కుపోతున్నాయి. కళ్లజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్లీ తీసింది.

"తప్పయిపోయింది వదినా," అంది.

"తెరకు చెబితే నాకెలా తెలుస్తుంది?" అంది వదిన. "రెండేళ్లూ అలాగే చెప్పావు. ఇటు చూసి చెప్పు."

అద్దాలమ్మ తలెత్తింది. జోడు లేని కళ్లకు ఎదుట మొహం మసకగానే ఉంది, అయినా చూసింది. చూసి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. గురువారం సంగతి, నిన్న సాయంత్రం అన్నయ్యకు సరేలే అన్న సంగతి, అమ్మ పోయిన రోజు తన కాళ్ల దగ్గర కూర్చున్నదెవరో ఇన్నాళ్లూ గుర్తు తెచ్చుకోని సంగతి. ఎదుటి బల్లవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకుంది.

వదిన మొత్తం విన్నది. ఊఁ అంది. సంచిలోంచి నీళ్ల సీసా ఇమ్మని అన్నయ్యకు సైగ చేసి, అది మరదలి వైపు జరిపింది.

"తాగి, జోడు పెట్టుకో. రెండు గంటలే ఇచ్చారు. ఈసారి పడవలు దొరికితే వదిలావంటే మాత్రం ఊరుకోను."

అద్దాలమ్మ నీళ్లు తాగింది. జోడు పెట్టుకుని, ఎద్దుల్ని తోలింది.